ఈత కాలమ్‌లో మా ఊరు

ట్రయథ్లాన్ రిజల్ట్ షీట్‌లో మనిషికి ఒక్క వరస ఇస్తారు. పేరు, వయసు గ్రూపు, ఆ పక్కన ఐదు టైములు: ఈత, టీ-వన్, సైకిల్, టీ-టూ, పరుగు. టీ-వన్ అంటే నీళ్లలోంచి లేచి సైకిల్ ఎక్కేదాకా పట్టిన సమయం, టీ-టూ అంటే సైకిల్ దిగి పరుగు మొదలెట్టేదాకా. చివరన మొత్తం. అందరి కళ్లూ ముందు ఆ చివరి అంకె మీదికే పోతాయి. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేదీ దాన్నే. మా కోచ్ మేడం దాన్ని అసలు చూడదు. "ఆఖరు నంబర్ మీ ఇంట్లోవాళ్లకి చూపించుకోండి. నాకు మధ్యలోవి కావాల" అంటుంది. ఆమెది కోలారు వైపు తెలుగు. హిందూపురం, పరిగి వైపు మా తెలుగుకి దగ్గరి చుట్టం.

మేం నలుగురం. ఒకాయన పరిగి సారు, యాభై ఎనిమిదేళ్లు, గవర్నమెంటు బడిలో లెక్కలు చెప్తాడు. ఒకామె హిందూపురంలో బ్యాంకు ఉద్యోగి, నలభై ఒకటి, మాకందరికీ అక్క. ఒకడు ధర్మవరం పిల్లోడు, ఇరవై ఆరు, నేతగాళ్ల ఇల్లు, ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు. నాలుగోవాణ్ణి నేను, పరిగిలో పుట్టి బెంగళూరులో బతుకుతున్నవాణ్ణి. కోచ్ ఉండేదీ బెంగళూరులోనే. ఈత కోసం వాళ్లు ముగ్గురూ ఆదివారాలు రైలెక్కి బెంగళూరు వస్తారు. సైకిల్ కోసం నెలకోసారి మేమిద్దరం హిందూపురం పోతాం.

మేం పాల్గొన్నది గోవాలో, మిరామార్ బీచ్‌లో జరిగే 70.3 పోటీ. ఆ అంకె మైళ్ల లెక్క, మన లెక్కలో 113 కిలోమీటర్లు. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. అక్కడ మొదటిసారి జరిగింది 2019 అక్టోబరు 20న. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. 2024లో బెంగళూరు ఎంపీ తేజస్వీ సూర్య దీన్ని 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లలో పూర్తిచేస్తే పేపర్లన్నీ రాశాయి. గడువుకి మిగిలింది రెండున్నర నిమిషాలు కూడా లేదు. మాలాంటి అమెచ్యూర్లకి పోటీ గడియారంతోనే. మధ్యలో ఇంకా గడువులుంటాయి. ఈతకి గంటా పది నిమిషాలు. అది దాటితే కాలికున్న చిప్ విప్పి తీసుకుంటారు. ఆ మనిషికి ఆ రోజు అక్కడితో సరి.

1.9 కిలోమీటర్లంటే 113లో నూటికి రెండు వంతులు కూడా కాదు. భయమంతా ఆ రెండు వంతుల్లోనే ఉంటుంది. సైకిల్ తొక్కుతూ అలిసిపోతే కాలు కింద పెట్టొచ్చు. పరిగెత్తలేకపోతే నడవొచ్చు. నీళ్లలో ఆ సదుపాయం లేదు. నాలుగు వరసలూ పక్కపక్కన పెట్టి నిలువునా చదివితే, మిగతా కాలమ్‌లు ఎవరెంత సాధన చేశారో చెప్తాయి. ఈత కాలమ్ మాత్రం ఎవరు ఏ ఏట పుట్టారో, ఆడో మగో, వాళ్ల ఊళ్లో అప్పుడు నీళ్లున్నాయో లేదో కూడా చెప్తుంది.

*

పోయినసారి గోవాలో సారు ఈత 51 నిమిషాలు. ఆయనకంటే ముప్పై రెండేళ్లు చిన్నవాడైన ధర్మవరం పిల్లోడికి 58. షీట్ చూసినవాళ్లు తప్పు పడిందేమో అనుకున్నారు. తప్పేం లేదు, సారు ఈత నేర్చుకున్నది 1970లలో, పరిగిలో, కపిలబావిలో.

అప్పట్లో మా వైపు తోటకో బావి ఉండేది. ఎద్దులు కపిల తోలేవి. తర్వాత ఆయిల్ ఇంజన్లు, ఆ తర్వాత కరెంటు మోటార్లు. బావులు పెద్దవి, దిగడానికి రాతి మెట్లు. పిల్లోణ్ణి ఈతకి దించడం ఇంటి మగవాళ్ల పని. వీపుకి ఎండు సొరబుర్ర కట్టేవాళ్లు, లేదా బెండు. నడుముకి తాడు, ఆ తాడు కొస గట్టు మీద చిన్నాయన చేతిలో. సారు మాటల్లో చెప్పాలంటే, "మూడు దినాలు బుర్రతో, నాలుగో దినం బుర్ర తీసి ఒకే తోపు. మునిగితే తాడుంది, తేలితే ఈతొచ్చినట్ల." ఎండాకాలం సెలవులంటే బావి, గట్టు మీంచి దుంకడం, ఇంటికొచ్చినాక అవ్వ తిట్లు.

నేను పుట్టేసరికి ఆ బావుల కథ ముగింపుకొచ్చింది. ఒక బావి పక్కన ఒక బోరు, దాని పక్కన ఇంకో బోరు. అనంతపురం వైపు ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల దగ్గర, అదీ నమ్మకం లేని వాన. పైన ఇంకేది తక్కువ, కింద తోడేది ఎక్కువ. ముందు బావుల్లో నీళ్లు అడుగంటినాయి. తర్వాత బోర్లే వందల అడుగులు దాటి వెయ్యి వైపు పోయినాయి. నాకు తెలిసిన బావి ముళ్లకంప పెరిగిన గొయ్యి. తాగిన సీసాలు అందులో వేసేవాళ్లు. పెన్నలో కలిసే జయమంగళి నది మా మండలంలోదే. నా చిన్నతనంలో నది అంటే నాకు ఇసక. "ఏట్లోకి పోదాం పా" అంటే క్రికెట్ ఆడటానికి.

అట్లా ఒక తరానికి ఈత పోయింది. ఎవరూ వద్దనలేదు, నేర్పడం మానేద్దామని ఎవరూ అనుకోలేదు. బావి ఎండితే చిన్నాయన చేతిలోని తాడుకి పనిలేకుండా పోయింది. నేను ముప్పై మూడో ఏట బెంగళూరులో, నెలకింతని ఫీజు కట్టి, నీలం టైల్స్ వేసిన కొలనులో నేర్చుకున్నాను. నా మొత్తం టైము 7:02. నా వరస గురించి చెప్పుకోడానికి అంతకంటే పెద్దగా ఏమీ లేదు.

అక్క సంగతి వేరు. ఆమె పుట్టేనాటికి హిందూపురం చుట్టుపక్కల బావుల్లో ఇంకా కాసిని నీళ్లున్నాయి. ఆమె అన్నలిద్దరికీ ఈతొచ్చు. ఆమెను గట్టు మీద కూర్చోబెట్టేవాళ్లు, చొక్కాలు చూసుకోమని. ముప్పై ఎనిమిదో ఏట కొలనులోకి దిగినప్పుడు వాళ్లమ్మ అన్న మాట అక్క ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది: "పెండ్లయి, ఇద్దరు పిల్లోళ్లు ఉండారు. ఇప్పుడేం ఈతమ్మా నీకు?" మొదటిసారి గోవాలో ఆమె ఈత గంటా పదమూడు నిమిషాలు. మూడు నిమిషాలు ఎక్కువ. చిప్ తీసేసుకున్నారు. షీట్‌లో ఆమె వరసలో ఒక్క టైము, దాని తర్వాత ఖాళీ గళ్లు, చివర డీఎన్ఎఫ్. పూర్తిచేయలేదు అని అర్థం.

ఆ రాత్రి మేం ముగ్గురం మెడలో మెడల్స్‌తో ఆమె ముందు కూర్చోలేక తీసి జేబుల్లో పెట్టుకున్నాం. కోచ్ వచ్చి ఆ షీట్ తెరిచి, అక్క వరస మీద వేలు పెట్టింది. "మూడేండ్ల కిందట ఈ గడిలో మీకు ఏముండె?" అని అడిగింది. అక్క ఏమీ మాట్లాడలేదు. "ఏమీ లేదు కదా. ఇప్పుడు 1:13 ఉంది. వచ్చేసారికి దీంట్లోంచి మూడు నిమిషాలు తీసేయాల. అంతే మన పని." ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. అక్క ఆ తర్వాత నాతో అన్నది: "ఆమె ఊరడించుంటే ఏడ్చేసేదాన్ని రా. లెక్క చెప్పింది కాబట్టి అన్నం తిన్న్యా."

*

సారుకి ఈతొచ్చు. కాబట్టి ఆయనకి నేర్పేదేం లేదనుకున్నాం. ఆయనకే అందరికంటే ఎక్కువ కష్టమైంది.

బావి ఈతకి తల పైనే ఉంటుంది. చుట్టూ ఎవడు దుంకుతున్నాడో, పాము ఉందో లేదో చూసుకోవాలి. తల పైకి లేస్తే నడుము దిగుతుంది, కాళ్లు కిందికి వేలాడతాయి. బావిలో అది సరిపోతుంది, అటు గోడ నుంచి ఇటు గోడకి పది పన్నెండు బారలు వేస్తే చాలు. 1.9 కిలోమీటర్లకి సరిపోదు. నీళ్లు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. సైకిల్ మీద బలం చూపిస్తే వేగం వస్తుంది. నీళ్లలో బలం చూపిస్తే ముందుగా వచ్చేది అలసట. ఒళ్లు నీటి మీద పలకలాగా పరుచుకోవాలి, అందుకు తల లోపలికి పోవాలి.

"ఏంటికి మేడం, తల ఎత్తకుంటే దోవ ఎట్ల కనబడుతుంది?"

"దోవ తర్వాత సార్. ముందు ఊపిరి."

ఆమె అందరికీ చెప్పిన మొదటి పాఠం ఊపిరి పీల్చడం గురించి కాదు, వదలడం గురించి. కొత్తవాళ్లు నీళ్లలో ముఖం పెట్టగానే ఊపిరి బిగబడతారు. లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. గాలి చాలట్లేదని ఒళ్లు గగ్గోలు పెడుతుంది. నిజానికి అప్పటికి చాలనిది గాలి కాదు, వదలాల్సింది వదల్లేదు. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో నోటితో బుడగలుగా వదులుతూనే ఉండాలి. అప్పుడు పక్కకి తిరిగిన అర క్షణంలో పీల్చడం దానంతటదే జరుగుతుంది. అక్కకి ఇది వంటింట్లో నేర్పింది ఆమె. బకెట్లో నీళ్లు పోసుకుని, ముఖం పెట్టి, బుడగలు వదులుతూ ఇరవై లెక్కపెట్టడం. రోజూ పొద్దున, కుక్కర్ విజిల్ వచ్చేలోపు. ఆరు నెలలు.

సారుకి రెండు నెలలు పట్టింది తల దించడానికి. యాభై ఏళ్లుగా వచ్చిన విద్యని వదిలేసి, తన విద్యార్థి వయసున్న అమ్మాయి ముందు పలక పట్టుకుని కాళ్లు ఆడించడం ఆయనకి సులువు కాలేదు. ఒకసారి రైల్లో అన్నాడు, "పిల్లోళ్లకి ఎక్కాలు తప్పుగా వచ్చింటే, అసలు రానోళ్ల కంటే వాళ్లతోనే కష్టం. నేనిప్పుడు ఆ పిల్లోణ్ణి." తర్వాత దోవ కూడా నేర్పింది ఆమె. ఎనిమిది పది బారలకొకసారి మొసలిలాగా కళ్లు మాత్రమే నీళ్ల పైకి తెచ్చి, బోయా ఎటుందో చూసుకుని, మళ్లీ తల దించేయడం. సముద్రంలో గీతలుండవు. చూసుకోకపోతే 1.9 కిలోమీటర్లు కాస్తా రెండున్నర అవుతుంది.

ధర్మవరం పిల్లోడి పాఠం నీళ్ల బయట. మొదటిసారి సైకిల్ 2:41లో కొట్టేశాడు, మాలో ఎవరూ అటు వైపు కూడా పోలేరు. ఆ తర్వాత పరుగు కాస్తా నడకయ్యింది, 2:49. రెండూ కలిపితే ఐదున్నర గంటలు. రెండోసారికి కోచ్ అతని సైకిల్‌కి పగ్గం వేసింది. మొదటి 60 కిలోమీటర్లు పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పోవాలి, ఇరవై నిమిషాలకొకసారి తినాలి. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం అని లెక్క. అంటే రెండు అరటిపండ్లూ ఇంకొంచెం. ఖరీదైన జెల్ ప్యాకెట్లు అతని కడుపుకి పడలేదు. చివరికి అరటిపండ్లు, బెల్లం నీళ్లు, అంచెలంచెలుగా ఉప్పు. రెండోసారి సైకిల్ 2:52, పరుగు 2:14. కలిపితే 5:06. సైకిల్‌లో పదకొండు నిమిషాలు వదిలేసుకుంటే పరుగులో ముప్పై ఐదు వచ్చాయి.

అతని సైకిల్ టైము చూసి నేనొకసారి అన్నాను, ఇవి మగ్గం తొక్కిన కాళ్లప్పా అని. ధర్మవరంలో గుంత మగ్గం ముందు కూర్చుని పట్టుచీర నేస్తే కాళ్లు రోజంతా గుంతలో తొక్కుతూనే ఉంటాయి. వాడు నవ్వలేదు. "నేను తొక్కింది రెండేండ్లే అన్నా. మా నాయన నలభై ఏండ్లు తొక్కినాడు. ఆయన మోకాళ్లు చూస్తే నువ్వు ఆ మాట అనవు." పూర్తి చేసిన ప్రతి పోటీ మెడలూ వాళ్ల నాయనకే ఇస్తాడు. ఆయన దాన్ని మగ్గం పక్కన మేకుకి తగిలించి, బరువెంతుందో అడుగుతాడట.

*

ఈ ఆట పుట్టిందే ఒక వాదం మీద. హవాయిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఈతగాళ్లు గొప్పా పరిగెత్తేవాళ్లు గొప్పా అన్న మాటల మధ్య, మూడూ కలిపి ఒకే రోజు పెడితే తేలిపోతుంది కదా అన్నాడు. 1978 ఫిబ్రవరి 18న పదిహేను మంది బయల్దేరారు, పన్నెండు మంది ముగించారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. సముద్రం చుట్టూ ఉన్న దీవిలో, నీళ్లు అలవాటైన మనుషుల మధ్య మొదలైన ఆట అది. అక్కడ ఈత ముందు పెట్టడం సహజం. ఆ వరసనే మనం మన ఎండిన ఏళ్ల మధ్యకి తెచ్చుకున్నాం.

నేను ఈ బావుల కథ, వాన కథ అంతా కోచ్‌కి ఒకసారి వివరంగా చెప్పాను. ఆమె పూర్తిగా విన్నది. "బాగుంది. కానీ చరిత్ర చెప్తే టైము తగ్గదు కదా" అన్నది. నిజమే. రెండోసారి అక్క ఈత 1:04. సైకిల్ 3:57, పరుగు 2:54, మధ్యలో రెండు మార్పిళ్లకి పదహారు నిమిషాలు. మొత్తం 8:11. సారుకి 8:04. అక్క పుట్టిన ఊరు, ఆడపిల్లగా గట్టు మీద కూర్చున్న రోజులు ఏవీ మారలేదు. గడిలో అంకె మారింది. బకెట్లో వదిలిన బుడగల వల్ల మారింది.

అయినా చరిత్ర ఊరుకోదు. ఇప్పుడు మా వైపుకి నీళ్లు మళ్లీ వచ్చాయి. 2021 నవంబరు వానలకి జిల్లా అంతటా ఏళ్లూ వంకలూ పొంగాయి. హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్లు మా సీమ దాకా వచ్చాయి, పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు నిండింది. పొలాల్లో నీటికుంటలు తవ్వారు, కొన్నిటికి ప్లాస్టిక్ కాగితం పరిచారు. ఆ కాగితం మీద కాలు నిలవదు, జారినవాడికి పట్టుకోడానికి ఏమీ దొరకదు. నీళ్లు చూసి పిల్లలు దిగుతారు. ఇంట్లో నేర్పేవాళ్లు లేరు, ఎందుకంటే ఆ ఇంట్లో నాయనకీ ఈత రాదు, ఆయనది నా వయసు. ప్రతి ఎండాకాలం సెలవుల్లో పేపరు జిల్లా పేజీలో ఆ వార్త వస్తుంది. ఒక పిల్లోడు జారాడు, తీయబోయి ఇంకొకడు. మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారని ప్రభుత్వ లెక్క. ఆ వార్తలు చదివినప్పుడల్లా నాకు సారు చెప్పిన తాడు గుర్తొస్తుంది. నీళ్లు ముప్పై ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చు, వచ్చాయి. తాడు పట్టుకునే మనిషి వాటితోపాటు తిరిగి రాడు.

మా మండలం పేరు బయట ఎవరికైనా తెలిస్తే 1972లో మొదలైన కొడిగెనహళ్లి గురుకులం వల్ల తెలుస్తుంది. చదువు నేర్పడం మాకు వచ్చు. ఈత కూడా అట్లాగే నేర్పొచ్చు కదా అని సారే మొదలెట్టాడు ఈ మాట. పోటీ అయిన నెలకి రైల్లో, లెక్కల నోట్సు వెనక పేజీలో రాసుకొచ్చాడు. కోచ్ షరతులు మూడు. ఒంటరిగా ఎవరూ దిగకూడదు. నడుము లోతు దాటకూడదు. మునిగేవాణ్ణి చూసి వెంటనే దుంకకూడదు, తాడో కర్రో ఖాళీ బిందో విసరడం ముందు నేర్పాలి, ఈత తర్వాత. మూడోదాని మీద సారు చాలాసేపు ఆలోచించాడు. "మా కాలంలో అది ఎవురూ చెప్పలేదు మేడం. దుంకేటోడే మొగోడు అనేటోళ్లు."

అక్క అడిగింది ఒక్కటే. ఆడపిల్లలు కూడా వస్తారా? సారు తల గోక్కున్నాడు. ఊరు, పెద్దోళ్లు, ఒప్పుకుంటారో లేదో చూడాల అన్నాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "ఆదివారం నేనొస్తా సార్. గట్టు మీద ఒక ఆడమనిషి నిలబడితే, తల్లులు పంపిస్తారు. నేను చొక్కాలు మాత్రం చూడను."

ధర్మవరం పిల్లోడు ఫోన్ తీసి కొనాల్సినవి రాయడం మొదలెట్టాడు. తాడు ముప్పై మీటర్లు. గాలి ట్యూబులు నాలుగు. బకెట్లు ఇరవై. సారు వాడి భుజం మీంచి చూసి ఇంకొకటి చెప్పాడు. వాడికి అర్థం కాక రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. ఎండు సొరబుర్రలు, దొరికితే, పది.